పొద్దున్నే వచ్చే గరగర సరే, పెడల్ ఎందుకు కిందికి పోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 2018 మోడల్ చిన్న కారు, 46 వేల కిలోమీటర్లు తిరిగింది, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లి వస్తారు. వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున బండి తీయగానే చక్రాల దగ్గర గరగరమంటోంది, వీధి చివరికి వెళ్లేసరికి పోతోంది. రెండు వారాలుగా బ్రేకు పెడల్ ఇదివరకటికంటే కిందికి వెళ్లాక గానీ పట్టడం లేదు. మెకానిక్ ప్యాడ్లు (డిస్కును పట్టి ఆపేవి), షూలు (డ్రమ్మును లోపలినుంచి పట్టి ఆపేవి), డిస్కులు అన్నీ మార్చేద్దామంటున్నాడు. నిజంగా ఏది పోయిందో తెలుసుకోవడం ఎలా?

ముందు సూటిగా జవాబు. ఆ గరగర గురించి కంగారు పడకండి. పెడల్ కిందికి పోతోందన్నదే అసలు విషయం, దాన్ని వాయిదా వేయకండి. చాలామంది బ్రేకు అరిస్తేనే పాడైనట్టు లెక్కేస్తారు. కానీ ప్రాణం మీదికి తెచ్చే లోపాల్లో చాలా వరకు చప్పుడే చేయవు. బ్రేక్ ఆయిల్ కారడం, ఆ ఆయిల్‌లో నీరు చేరడం, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ ఒకవైపు బిగుసుకుపోవడం, పెడల్ తొక్కగానే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు సీళ్లు అరగడం, ఇవన్నీ నిశ్శబ్దంగా జరిగేవే. వాటిని పట్టించేది చెవి కాదు, మీ పాదం.

పొద్దున్నే వచ్చే చప్పుడు సంగతి ముందు తేల్చేద్దాం. డిస్కు పోత ఇనుముతో చేసింది, దానికి పెయింట్ ఉండదు. రాత్రి వాన పడినా, సాయంత్రం బండి కడిగి వదిలేసినా తెల్లారేసరికి దాని మీద నారింజ రంగు తుప్పు పొర వస్తుంది. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లు ఆ పొరను గీకేస్తాయి, డిస్కు మళ్లీ మెరుస్తుంది. అర కిలోమీటరు దాటినా చప్పుడు ఆగకపోతే, లేదా ఎండ కాసే రోజుల్లో కూడా వస్తుంటే, అప్పుడు అది తుప్పు కాదు.

ఇక పెడల్. దీనికి మీ పార్కింగ్‌లోనే, ఏ పనిముట్లూ లేకుండా, ఐదు నిమిషాల్లో చేసుకోదగ్గ పరీక్షలున్నాయి. బండి సమతలంగా ఉన్న చోట ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేయకండి, వేస్తే వెనక షూలు ముందే డ్రమ్ముకు ఆని మొదటి పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

ఇంజిన్ ఆన్ చేసి పెడల్ ఒకసారి నొక్కండి, ఎంత కిందికి వెళ్లిందో గుర్తుపెట్టుకోండి. కాలు తీసి వెంటనే మళ్లీ నొక్కండి. రెండోసారి పెడల్ స్పష్టంగా పైనే ఆగి, గట్టిగా తగిలితే, చాలావరకు వెనక డ్రమ్ముల్లో షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగిందని అర్థం. మొదటి తొక్కుకి వచ్చిన ఆయిల్ షూలను డ్రమ్ము దాకా తోయడానికే ఖర్చయిపోతుంది. షూలు పూర్తిగా వెనక్కి వెళ్లకముందే రెండో తొక్కు పడుతుంది కాబట్టి పైనే పడుతుంది. మీరు చెప్పిన లక్షణాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. డ్రమ్ము లోపల ఉండే ఆటో అడ్జస్టర్ అనే చిన్న పళ్ల చక్రం షూ అరిగే కొద్దీ తిరుగుతూ ఆ సందు మూయాలి. దుమ్మూ తుప్పూ పట్టి అది బిగుసుకుపోతే ఆ పని ఆగిపోతుంది. శుభ్రం చేసి సెట్ చేస్తే సరిపోయే చోట డిస్కులు మార్చడం డబ్బు దండగ.

ఎన్నిసార్లు తొక్కినా పెడల్ స్పాంజిలా మెత్తగా, అడుగున గట్టిదనం లేకుండా ఉంటే లైన్లలో గాలి ఉంది. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే పోతుంది. ఈ మధ్య ఎవరైనా ఆయిల్ మార్చి ఉంటే గాలి సరిగ్గా తీయలేదని అనుకోవచ్చు. ఎవరూ ముట్టుకోకుండానే గాలి చేరిందంటే, అది ఎక్కడినుంచో వచ్చింది, అంటే ఎక్కడో కారుతోంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను మామూలుగా సిగ్నల్ దగ్గర నొక్కినంత బలంతో నొక్కి, నిమిషం పాటు అలాగే పట్టుకోండి. పెడల్ ఒక చోట నిలబడి ఉండాలి. కాలి కింద మెల్లగా జారుతూ నేలవైపు పోతుంటే రెండే కారణాలు. బయటికి ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీల్ అరిగి ఆయిల్ దాన్ని దాటుకుని వెనక్కి బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలోకే పోతోంది. ఈ రెండోదాంట్లో ఒక్క చుక్క కూడా కింద పడదు, డబ్బాలో మట్టం తగ్గదు, అందుకే జనం మోసపోతారు. పెడల్ జారితే ఆ బండిని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా టోయింగ్ బండి మీద ఎక్కించి పంపండి.

చివరిది బూస్టర్ పరీక్ష. మీ కాలి బలాన్ని పెంచి మాస్టర్ సిలిండర్‌కి అందించేది బూస్టర్. ఇంజిన్ ఆపేసి పెడల్ ఐదారుసార్లు తొక్కండి. రాయిలా గట్టిపడుతుంది. అలాగే నొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కి వాక్యూమ్ అందడం లేదు. పైపు చీలి ఉండొచ్చు, బూస్టర్ లోపలి పొర చిరిగి ఉండొచ్చు, డీజిల్ బండి అయితే వాక్యూమ్ పంపు పోయి ఉండొచ్చు. నొక్కినప్పుడు కాళ్ల దగ్గర స్‌స్‌మని గాలి వినిపిస్తే అదీ ఇదే కథ. ఇలాంటప్పుడు బ్రేకు పూర్తిగా పోదు గానీ, మామూలుకంటే చాలా బలంగా తొక్కాల్సి వస్తుంది.

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు వెనక గోడ దగ్గర చూస్తే చిన్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది, పక్కన కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. అందులో ఆయిల్ తగ్గిందని చూడగానే పోసేయడం చాలామంది చేసే తప్పు. ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీని నింపడానికి డబ్బాలో ఆయిల్ దిగుతుంది. నెలల తరబడి మెల్లగా గీతల మధ్య దిగితే అది ప్యాడ్ల అరుగుదల చెప్పే కొలబద్ద. పైన పోసి ఆ ఆధారాన్ని చెరిపేసుకోకండి. పైగా, పోశాక కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి నెట్టగానే ఆయిల్ పొంగి పెయింట్ మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

వారం పది రోజుల్లోనే మట్టం దిగితే మాత్రం అది లీకు. నాలుగు టైర్ల లోపలి గోడలు, డ్రమ్ము వెనక పలక అడుగు భాగం చూడండి. తడిగా, జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా ఉంటే అక్కడే. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి అతుక్కునే చోట కింద వేలు పెట్టి చూడండి, వెనక సీల్ పోతే ఆయిల్ బూస్టర్‌లోకి కారుతుంది. ఒక సంగతి చాలామందికి తట్టదు. హైడ్రాలిక్ క్లచ్, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్, ఉన్న చాలా కార్లలో క్లచ్‌కి కూడా ఆయిల్ ఈ డబ్బా నుంచే పోతుంది. చక్రాలన్నీ పొడిగా ఉండి మట్టం దిగుతుంటే క్లచ్ వైపు వెతకాలి.

ఆయిల్ రంగు కూడా చూడండి. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది. టీ డికాషన్‌లా నల్లబడిందంటే మార్చే సమయం దాటిపోయింది. రంగు బాగున్నా రెండేళ్లకోసారి, లేదా 40 వేల కిలోమీటర్లకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. కారణం, ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ అనేది డబ్బా మీద రాసి ఉండే బ్రేక్ ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి నడిపినంత కాలం ఈ తేడా తెలియదు. శ్రీశైలం వెళుతూ దోమలపెంట, ఈగలపెంట దాటి లింగాలగట్టు వైపు ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. వరసగా మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలవుతుంది, పెడల్ ఒక్కసారిగా నేలకు తాకుతుంది. కాసేపు చల్లారాక మళ్లీ మామూలుగా పనిచేస్తుంది, అందుకే గ్యారేజీలో చూపిస్తే ఏ లోపమూ దొరకదు. మీ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చి ఉండకపోతే, ప్యాడ్లు ఎలా ఉన్నా సరే, ఇప్పుడు మార్పించండి. చిన్న కారుకి సీల్ తీయని లీటరు డబ్బా చాలు. డాట్ 3 రాసి ఉన్న బండికి డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున ఈ డబ్బాలో పడితే ప్రతి రబ్బరు సీల్ ఉబ్బిపోతుంది, మొత్తం వ్యవస్థ విప్పాల్సిందే.

శబ్దాల్ని తేలిగ్గా తీసేయమని కాదు. వాటిని విడివిడిగా వినాలి. మెల్లగా బ్రేకు వేసినప్పుడు సన్నగా కీచుమని, గట్టిగా వేస్తే తగ్గే శబ్దం తరచూ ప్యాడ్ అరుగుదల సూచిక. ప్యాడ్ అంచున చిన్న స్ప్రింగ్ రేకు ఉంటుంది, ప్యాడ్ దాదాపు అయిపోయాక అది డిస్కుకు రాసుకుంటుంది. కొన్ని బండ్లలో బ్రేకు వేయనప్పుడు కీచుమని, వేయగానే ఆగుతుంది. ఇది వినిపించాక కొన్ని వందల కిలోమీటర్ల వ్యవధి ఉంటుంది, అంతే. ప్యాడ్ మందం బాగుండి కూడా కీచుమంటే దాని ముఖం గాజులా మెరిసి ఉండొచ్చు, లేదా చప్పుడు రాకుండా వెనక ఉండాల్సిన పలుచని రేకు (షిమ్) వేయకుండా వదిలేసి ఉండొచ్చు.

గర్ర్‌మని ఇనుము ఇనుమును కోస్తున్నట్టు వస్తూ, పెడల్‌లో కూడా ఆ గరుకుదనం తెలుస్తుంటే ప్యాడ్ పూర్తిగా పోయింది, వెనక పలకే డిస్కును గీస్తోంది. ఒక్క రోజు తిప్పినా డిస్కు పాడైపోతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఒక్క టక్ మాత్రమే వినిపిస్తే ప్యాడ్ క్లిప్పు ఊడటమో, కాలిపర్ బోల్టు వదులవడమో, లేదా సస్పెన్షన్ బుష్ పోవడమో. బోల్టు అయ్యుండొచ్చనే ఆ రోజే చూపించాలి. బ్రేకుతో సంబంధం లేకుండా హఠాత్తుగా భయంకరంగా చీరుతున్నట్టు శబ్దం మొదలైతే మెట్రో పనులో, తవ్విన రోడ్డో దాటి వచ్చారేమో గుర్తుచేసుకోండి. డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. మెల్లగా రివర్స్‌లో నాలుగడుగులు పోతే చాలాసార్లు రాలిపోతుంది.

ఇప్పుడు ప్యాడ్ల మందం. కొత్త ప్యాడ్ మీద డిస్కుకు రాసుకునే పదార్థం, అంటే ఇనుప పలకను మినహాయించి, సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయండి. అల్లాయ్ చక్రాలైతే పుల్లల మధ్యనుంచి ఫోన్ టార్చి వేసి బయటి ప్యాడ్ చూడొచ్చు. కానీ దాన్ని చూసి తృప్తిపడకండి. మీ బండిలో ఉన్నది ఒకవైపే పిస్టన్ ఉండే కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నెడుతుంది, ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. ఆ పిన్నులు జారడం ఆగితే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది. బయటినుంచి 7 మిల్లీమీటర్లు కనిపిస్తున్న చక్రానికి లోపల 1 మిల్లీమీటరు కూడా మిగలకపోవచ్చు. అందుకే చక్రం విప్పించి రెండు వైపులా చూడాలి.

చక్రం విప్పినప్పుడు ఈ పిన్నుల్నే దగ్గరుండి చూడండి. కాలిపర్ వెనక రబ్బరు బూటు తొడిగిన, చిటికెన వేలంత కడ్డీలు. బోల్టు తీశాక చేత్తో లాగితే నునుపుగా జారి రావాలి. ఆరోగ్యంగా ఉన్న పిన్ను మీద పలుచగా తేట గ్రీజు మెరుస్తుంది, కడ్డీ వెండి రంగులో ఉంటుంది. పాడైన పిన్నుకు బూటు చిరిగి ఉంటుంది, గ్రీజు ఎండి బంకలా ముదురు గోధుమ రంగుకు మారి ఉంటుంది, కడ్డీ మీద తుప్పు మచ్చలు వేలికి గరుకుగా తగులుతాయి. తిప్పి తిప్పి లాగితే గానీ రాదు. మన దగ్గర నీళ్లు నిలిచిన రోడ్ల మీదుగా వెళ్లిన బండ్లలో చిరిగిన బూటు గుండా బురద నీరు లోపలికి పోయి ఇలా అవుతుంది. శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు పూసి, కొత్త బూట్లు వేస్తే సరిపోతుంది, కడ్డీ గుంటలు పడితే పిన్నే మార్చాలి. చక్రాలకు వాడే మామూలు గ్రీజు పూయనివ్వకండి. అందులోని పెట్రోలియం నూనె రబ్బరును ఉబ్బిస్తుంది, ఆర్నెల్లకే మళ్లీ బిగుసుకుంటుంది. ప్యాడ్లు మార్చే ప్రతిసారీ చేయాల్సిన ఈ పావుగంట పనిని చాలా చోట్ల చేయరు. కొత్త ప్యాడ్లు 15 వేల కిలోమీటర్లకే అరిగిపోయాయని బాధపడేవాళ్లలో చాలామందికి కారణం ప్యాడ్లు కాదు, ఈ పిన్నులే.

పిన్ను గానీ పిస్టన్ గానీ పట్టేస్తే మరో రెండు గుర్తులు కనిపిస్తాయి. ఒకటి, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగుతుంది. బాగా పట్టే చక్రం వైపుకే బండి లాగుతుంది కాబట్టి ఎడమకు లాగితే లోపం తరచూ కుడివైపు ఉంటుంది. ముందు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసుకుని, వాలు లేని రోడ్డు మీద నిర్ధారించుకోండి. రెండోది వేడి. ఐదారు కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా బండి ఆపి, ఒక్కో చక్రానికి రెండంగుళాల దూరంలో అరచేయి పెట్టండి. డిస్కును ముట్టుకోకండి, చేయి కాలుతుంది. ముందు రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రం సెగ కొడుతూ మాడు వాసన వస్తుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. మైలేజీ తగ్గిందనిపించినా ఇదొకసారి చూడండి. కొన్నిసార్లు కాలిపర్ బాగానే ఉండి రబ్బరు హోస్ లోపలి పొర ఊడి, ఆయిల్‌ను వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వదు. పైకి హోస్ చక్కగా కనిపిస్తుంది.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకడం, పెడల్ లయగా కాలిని తన్నడం ముందు డిస్కుల మందం సమానంగా లేదనడానికి గుర్తు. మిల్లీమీటరును వంద భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాల తేడా చాలు. పంక్చర్ షాపులో గన్‌తో నట్లు ఎడాపెడా బిగించడం దీనికి పెద్ద కారణం. నట్లు ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పినంత బిగుతుతో (టార్క్‌తో) బిగించాలి. వేడెక్కిన చక్రాల మీద వాటర్ వాష్ నీళ్లు కొట్టించడం కూడా మంచిది కాదు, పావుగంట ఆగనివ్వండి. వాన రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే పెడల్ దడదడమని కొట్టుకుంటే, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ తన పని చేస్తోందని అర్థం. కాలు తీయకుండా ఇంకా గట్టిగా నొక్కాలి. మామూలు పొడి రోడ్డు మీద, మెల్లగా ఆగేటప్పుడు అలా కొట్టుకుంటే, లేదా పసుపు ఏబీఎస్ దీపం ఆరకపోతే చక్రం దగ్గరి సెన్సర్ చూడాలి. ఆ పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది. ఎర్ర బ్రేకు దీపం వెలిగితే ముందు హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారా చూడండి, దించినా వెలిగితే చాలావరకు ఆయిల్ తగ్గినట్టే.

మీ అసలు సమస్య ఉండే చోటు వెనక డ్రమ్ములు. వాటిని తీసి చూడకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. షూ మీద లైనింగ్ 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చాలి. లోపల పైభాగాన చిన్న వీల్ సిలిండర్ ఉంటుంది, రెండు చివర్లా రబ్బరు టోపీలు. మెకానిక్‌ను ఆ టోపీ అంచు సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తి చూపించమనండి. లోపల కాస్త చెమ్మ ఉంటే పర్వాలేదు, చుక్క జారిపడితే ఆ సిలిండర్ పోయింది. ఆయిల్ తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ వేయడం ఒప్పుకోకండి. మొదటి వేడికే లోపల ఇంకిన ఆయిల్ పైకి వస్తుంది. రెండు వెనక చక్రాలకూ కలిపే షూలు మార్చాలి. డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి, దగ్గర నిలబడి పీల్చకండి, తడి గుడ్డతో తుడవాలి. హ్యాండ్ బ్రేక్ లివర్ ఇదివరకు ఐదారు టిక్కులకు పట్టి ఇప్పుడు తొమ్మిది పదికి గానీ పట్టకపోతే అదీ షూల సందుకే సాక్ష్యం. జూబ్లీహిల్స్ వైపు ఏదో ఒక ఖాళీ ఎత్తు రోడ్డు మీద, పెడల్ మీద కాలు సిద్ధంగా ఉంచుకుని, హ్యాండ్ బ్రేక్ ఒక్కటే బండిని నిలబెడుతుందా చూడండి. ఇక్కడ జాగ్రత్త: లివర్ పైకి వస్తోందని కేబుల్ మాత్రమే బిగించేస్తే అడ్జస్టర్ అసలు పనిచేయదు, పెడల్ లోతు అలాగే ఉంటుంది. ముందు షూలు సెట్ చేసి, తర్వాతే కేబుల్.

వానాకాలానికి ఇంకో మాట. టోలిచౌకి, మలక్‌పేట లాంటి చోట్ల నిలిచిన నీళ్లలోంచి వచ్చాక మొదటి బ్రేకు పట్టదు, ముఖ్యంగా డ్రమ్ములు. వెనక ఎవరూ లేనప్పుడు మెల్లగా వెళుతూ పెడల్‌ను సుతారంగా రెండు మూడుసార్లు నొక్కి పట్టండి, ఆ వేడికి ఆరిపోతాయి. తడిసిన బండిని హ్యాండ్ బ్రేక్ వేసి వారం రోజులు వదిలేయకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. సమతలంగా ఉంటే మొదటి గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టడం మేలు.

ఇంట్లో స్కూటర్, బైకు ఉంటే వాటికీ ఇదే పద్ధతి. డ్రమ్ము బ్రేకున్న చాలా బండ్లలో చక్రం దగ్గర బ్రేకు చెయ్యి మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు అది పలక మీది గీతను అందుకుంటే షూలు అయిపోయాయి, నట్టు ఇంకా బిగించి లాభం లేదు. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ముందు డిస్కు లివర్ హ్యాండిల్‌కు తగిలే దాకా వస్తుంటే ఆయిల్, గాలి చూడాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులకు ఏబీఎస్, అంతలోపు వాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పట్టే సీబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న స్కూటర్లో ఎడమ లివర్ నొక్కితే ముందు బ్రేకు కూడా కదలాలి. ఆ కేబుల్ తుప్పు పట్టి ఆగిపోయినా చాలామంది గమనించరు.

మళ్లీ మీ కారుకు వస్తే, మెకానిక్‌తో ఇలా మాట్లాడండి: నాలుగు చక్రాలూ విప్పండి, ముందు ప్యాడ్లు లోపలివీ బయటివీ కొలిచి చెప్పండి, డ్రమ్ములు తీసి నా ఎదురుగా చూపించండి. డిస్కు మార్చాలంటే దాని కనీస మందం ఎంతో అడగండి, ఆ అంకె డిస్కు మీదే పోతపోసి లేదా చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ అంకెకు దిగువన ఉంటేనే, లేదా పగులు కనిపిస్తేనే మార్చాలి. అంచున పెదవిలా లేచిన గట్టు, గోరుకు తగిలే సన్న గీతలు మార్చడానికి కారణాలు కావు. లేత్ మీద కోయించొచ్చు గానీ, కోశాక మిగిలేది కనీస మందం కంటే ఎక్కువ ఉండాలి, రెండువైపుల డిస్కులూ కోయించాలి. ప్యాడ్లు రాణిగంజ్‌లో మీరే కొనుక్కుంటే బండి ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు సరిచూసి, సీల్ ఉన్న పెట్టె, బిల్లు తీసుకోండి. ఒకే రకంగా కనిపించే ప్యాడ్లు మోడల్ సంవత్సరం బట్టి కొద్దిగా తేడాగా ఉండొచ్చు.

ఆయిల్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పండి. ఒకరు పెడల్ తొక్కుతూ మరొకరు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపిల్ వదులుచేసే పద్ధతిలో పెడల్‌ను నేల దాకా తొక్కకూడదు. ఏళ్ల తరబడి సిలిండర్‌లో సీల్ వెళ్లని ఆ అడుగు భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, సీల్ అక్కడ గీసుకుపోతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్ మార్చిన మర్నాడే పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెడితే చాలు. డబ్బా మధ్యలో ఖాళీ కానివ్వకూడదు. గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతే చాలా బండ్లలో స్కానర్ పెట్టి గానీ తీయలేరు.

పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి రెండు తొక్కులు ఖాళీగా నేలకు పోతాయి. గ్యారేజీ గేటు దాటగానే ముందున్న బండికి గుద్దే సంఘటనలు ఇలాగే జరుగుతాయి. కొత్త ప్యాడ్లకు మొదటి 200 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకు వద్దు. ఖాళీ రోడ్డు దొరికితే 60 వేగం నుంచి 20కి నిదానంగా తగ్గించడం, మధ్యలో ఒక నిమిషం చల్లారనివ్వడం, ఇలా ఎనిమిది పదిసార్లు చేస్తే ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగం దాటి పోయే పని అది అయ్యాకే పెట్టుకోండి.

ఈలోగా దారిలో ఎప్పుడైనా పెడల్ నేలకు పోతే: గబగబా నాలుగైదుసార్లు తొక్కండి, కాస్త ఒత్తిడి వస్తుంది. మీ బండిలో ఆయిల్ లైను రెండు భాగాలుగా ఉంటుంది, ఒక ముందు చక్రం, దానికి మూలగా ఉన్న వెనక చక్రం కలిపి ఒక భాగం. ఒకటి పోయినా రెండోది లోతుగా తొక్కితే పట్టుతుంది. గేర్లు ఒక్కొక్కటిగా దించండి. హ్యాండ్ బ్రేక్ బొత్తం నొక్కి పట్టుకునే మెల్లమెల్లగా లాగండి, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు లాకై బండి తిరిగిపోతుంది. ఇంజిన్ మాత్రం ఆపకండి, ఆపితే పవర్ స్టీరింగూ బూస్టరూ రెండూ పోతాయి.

రేపు పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు ఆ రెండు తొక్కుల పరీక్ష, నిమిషం పరీక్ష చేసి, పెడల్ జారిందా, రెండో తొక్కుకు పైకి వచ్చిందా, డబ్బాలో మట్టం ఎక్కడుందో ఇక్కడే రాయండి. జారితే బండి తీయకండి. రెండో తొక్కుకు పైకి వస్తే మాత్రం ఈ వారంలోనే వెనక డ్రమ్ములు విప్పించండి. షూల మందం, సిలిండర్ టోపీ ఫోటోలు పెడితే ఏది మార్చాలో, ఏది ఉంచొచ్చో చెబుతాను.